అడిగేవారి వైపు నిలబడి
(పౌరసంబంధాల వృత్తి: స్ఫూర్తి, పాఠాలు. హైదరాబాద్ మదీనాగూడలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ సభలో ముందు వరుసల్లో బీహెచ్ఈఎల్‌లోనూ ఇతర ప్రభుత్వరంగ సంస్థల్లోనూ పనిచేసి రిటైరైన పెద్దలు కూర్చున్నారు. వెనక వరుసల్లో హైటెక్ సిటీ ఆఫీసుల్లో కార్పొరేట్ కమ్యూనికేషన్స్ చూస్తున్న పిల్లలు, జర్నలిజం విద్యార్థులు ఉన్నారు. ఒకే వృత్తిలోని రెండు తరాలు ఒకే హాల్లో కూర్చోవడం తరచుగా జరగదు. ఇద్దరికీ పనికొచ్చే నాలుగు మాటలు చెప్పాలన్నది నా కోరిక.

మనం ఈరోజు స్మరించుకుంటున్న వ్యక్తి ఒక ప్రభుత్వరంగ సంస్థలో పౌరసంబంధాల అధికారిగా (పీఆర్వో) పనిచేశారు. రిటైరయ్యాక ఇక్కడే మదీనాగూడలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. సర్వీసంతా సంస్థ తరఫున రాశారు కానీ తన పేరు అచ్చులో చూసుకోవాలని ఏనాడూ అనుకోలేదు. ఉపన్యాసంలోనూ, తర్వాత వేసే పుస్తకంలోనూ ఆయన పేరు రాకుండా చూడమని కుటుంబ సభ్యులు నన్ను కోరారు. ఆ కోరికను మన్నిస్తున్నాను. ఎవరి గురించి మాట్లాడుతున్నానో ఈ హాల్లో అందరికీ తెలుసు.

ఆయనకొక అలవాటుండేది. ప్రెస్ నోట్ టైపయ్యాక పత్రికలకు పంపేముందు దాన్ని తీసుకుని ఆఫీసు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి వెళ్లేవారు. అక్కడి ఆపరేటరమ్మ చేతికిచ్చి, "రేపు పొద్దున ఇది చదివినవాళ్ల ఫోన్లు ముందు నీకే వస్తాయమ్మా. ఏం అడుగుతారో చెప్పు" అనేవారు. ఆవిడ చదివి, "దరఖాస్తులు ఎప్పటిదాకా తీసుకుంటారని అడుగుతారు సార్, అది ఇందులో లేదు" అనేది. ఆయన నోటు వెనక్కి తీసుకుని, సంబంధిత అధికారి దగ్గర కూర్చుని, తేదీ రాయించుకుని గానీ పంపేవారు కాదు. తేదీ తేలడం ఆలస్యమైతే నోటు మర్నాటికి వాయిదా పడేది.

నా ఉపన్యాసానికి మూలం ఆ అలవాటే. పౌరసంబంధాల ఉద్యోగికి స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుంది అని చాలామంది అడుగుతుంటారు. పేపర్లో వచ్చిన కటింగ్‌లో దొరికేది ఆ పూటకే సరిపోతుంది. సంస్థ పేరు ప్రతిష్ఠల్లో దొరికేది, ఆ పేరున్నన్నాళ్లే. అడిగేవారికి జవాబు దొరికేలా చేయడంలో దొరికేది మాత్రం సర్వీసు పొడవునా ఉంటుంది. ఈ వృత్తి నేర్పే పాఠాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఈ మాటనే అయిదు మెట్లలో చెబుతాను.

1. ప్రెస్ నోట్ ఎవరి కోసం?

మనందరికీ బాగా తెలిసిన కాగితంతోనే మొదలుపెడదాం. మంజీరా నీళ్లు తెచ్చే పైపులైనుకు మరమ్మతు వచ్చినప్పుడల్లా బీహెచ్ఈఎల్, చందానగర్, మదీనాగూడ, మియాపూర్ పేర్లు పేపర్లో కనిపిస్తాయి. నీటి సరఫరా ఉండదన్న ప్రకటన అది.

అలాంటి ప్రకటనలు మామూలుగా ఎలా ఉంటాయో గుర్తుచేసుకోండి. మొదటి పేరాలో పైపు ఎన్ని మిల్లీమీటర్ల వ్యాసమో, ఏ జంక్షన్ దగ్గర ఏ పని చేపడుతున్నారో ఉంటుంది. రెండో పేరాలో పాతిక ప్రాంతాల పేర్లు ఒకే వాక్యంలో ఉంటాయి. చివర ప్రజలు సహకరించాలన్న విజ్ఞప్తి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పొద్దున్నే చదివే గృహిణి వెతికేవి వేరు. మా కాలనీ ఉందా? ఏ గంట నుంచి ఏ గంట వరకు? మళ్లీ మా కుళాయికి నీళ్లు ఎప్పుడు వస్తాయి? అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?

అదే సమాచారాన్ని ఇలా రాశామనుకోండి. ఇది నేను ఉదాహరణకు రాసుకున్నది: "మదీనాగూడ, చందానగర్ వాసులు మంగళవారం రాత్రికే సంపులు నింపుకోండి. బుధవారం ఉదయం 6 నుంచి గురువారం ఉదయం 6 వరకు నీళ్లు రావు. సరఫరా మొదలయ్యాక ఎత్తులో ఉన్న వీధులకు, లైను చివరి ఇళ్లకు గురువారం రాత్రికి గానీ అందవు. ట్యాంకర్ కావాలంటే 155313కు ఫోన్ చేయండి." వ్యాసం సంగతి ఇంజినీరింగ్ ఆసక్తి ఉన్నవారి కోసం కింద రాసుకోవచ్చు.

ఈ నాలుగు వాక్యాల్లో కష్టమైనది మూడోది. చివరి ఇంటికి నీళ్లు ఎప్పుడు చేరతాయన్నది ఏ ఫైల్లోనూ ఉండదు. ఆ లైన్ మీద రోజూ వాల్వు తిప్పే మనిషికి తెలుసు. పీఆర్వో ఆయనకు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్‌తోనే పౌరసంబంధాల పని మొదలవుతుంది. నోటు రాయడం తర్వాతి సంగతి. వెనక కూర్చున్న పిల్లలకు చెబుతున్నాను: మీరు రాసిన నోటు వల్ల ఏదో ఒక ఇంట్లో ముందురోజు రాత్రి సంపు నిండితే, ఆ ఇంటివాళ్లకు మీ పేరు తెలియకపోయినా, అది మీ జీతానికి మించిన సంపాదన.

2. ఈ వృత్తి పుట్టుకలో ఉన్న మాట

ఆధునిక పౌరసంబంధాల చరిత్ర చెప్పేవాళ్లు తరచుగా అమెరికాలో ఐవీ లీ దగ్గర మొదలుపెడతారు. 1906లో బొగ్గు గనుల సమ్మె సమయంలో యాజమాన్యాల తరఫున పనిచేస్తూ ఆయన పత్రికా సంపాదకులకు ఒక ప్రకటన పంపాడు. మా పని రహస్యంగా ఉండదు, ఇచ్చే సమాచారం ఖచ్చితంగా ఉంటుంది, మీరు సరిచూసుకుంటామంటే సహకరిస్తాం అన్నది దాని సారం. అదే ఏడాది అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడింది. రైల్వే కంపెనీలు అప్పటిదాకా ప్రమాదం జరిగితే విలేకరులను దగ్గరకు రానిచ్చేవి కావు. లీ సలహా మీద పెన్సిల్వేనియా రైల్‌రోడ్ విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లింది, తనకు తెలిసిన వివరాలు తానే ఇచ్చింది.

పాఠ్యపుస్తకాల్లో ఇక్కడితో ఆగిపోతుంటారు. ఆ తర్వాతి కథ కూడా మనకు కావాలి. 1914 ఏప్రిల్‌లో కొలరాడో రాష్ట్రంలోని లడ్లోలో సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. స్త్రీలు, పిల్లలు సహా ఎందరో చనిపోయారు. రాక్‌ఫెల్లర్ల అధీనంలోని ఆ గనుల కంపెనీ తరఫున పనిచేసింది ఈ లీయే. ఆయన పంచిన బులెటిన్లలో కార్మిక నాయకుల జీతాల గురించిన లెక్కలు తప్పని తేలాయి. యాజమాన్యం ఇచ్చిన అంకెలను ఆయన సరిచూసుకోలేదు. ఖచ్చితత్వం అన్న సూత్రాన్ని కాగితం మీద పెట్టిన మనిషే ఎనిమిదేళ్లకు దాన్ని పాటించలేకపోయాడు. సూత్రం ఒకసారి రాసుకుంటే సరిపోదు, ప్రతి అంకె దగ్గరా మళ్లీ పాటించాల్సిందే.

మన దేశంలో 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సదస్సులో నైతిక నియమావళిని ఆమోదించారు. ఆ తేదీకి గుర్తుగా 1986 నుంచి ఏప్రిల్ 21ని జాతీయ పౌరసంబంధాల దినంగా జరుపుకుంటున్నాం. చాలామంది ఆ రోజు సన్మానాలు మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. మనం పండుగ చేసుకుంటున్నది ఒక నియమావళికి పుట్టినరోజన్నది మరవకూడదు.

మన నగరంలో ఈ వృత్తికి బలం తెచ్చింది ప్రభుత్వరంగం. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, తూర్పున ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ. ఒక్కో సంస్థకూ ఒక టౌన్‌షిప్, వేల కుటుంబాలు, ఒక గృహపత్రిక. మరోవైపు జిల్లాల్లో సమాచార పౌరసంబంధాల శాఖ జిల్లా అధికారులు (డీపీఆర్వోలు). ఆ శాఖకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ సి.వి. నరసింహారెడ్డి గారు హైదరాబాద్ నుంచే 'పబ్లిక్ రిలేషన్స్ వాయిస్' పత్రికను నడిపి, పాఠ్యగ్రంథం రాసి, ఈ వృత్తికి చదువుకునే గౌరవం తెచ్చారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు హైటెక్ సిటీకి వచ్చిన కంపెనీలకు ఇక్కడ అనుభవమున్న పీఆర్వోలు దొరికారంటే ఆ తరమే కారణం.

3. సత్యం, 108

మూడో మెట్టుకు ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మదీనాగూడ నుంచి మాదాపూర్ దాకా వెళ్తే చాలు.

2008 సెప్టెంబరులో అక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో ప్రతిభకు గోల్డెన్ పీకాక్ గ్లోబల్ అవార్డు వచ్చింది. డిసెంబరులో చైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదన వాటాదారుల ఆగ్రహంతో గంటల్లోనే వెనక్కిపోయింది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఉంది. ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా పోయింది. అవార్డును వెనక్కి తీసుకున్నారు. 50 వేల మంది దాకా ఉద్యోగుల ఇళ్లలో ఆ రాత్రి నిద్ర లేదు. ఈ హాల్లోనే ఆ ఇళ్లవాళ్లు ఉండి ఉంటారు.

అంత పెద్ద కంపెనీలో మంచి ప్రచార విభాగం ఉండదా? ఉంటుంది. లేని నగదును ఎవరి ప్రెస్ నోటూ తెచ్చిపెట్టలేదు. పైగా పేరు ఎంత ఎత్తుకు పెరిగితే, పడినప్పుడు దాని కింద నలిగేవాళ్లు అంతమంది.

ఆ తర్వాతి మూడు నెలలను కూడా ఈ వృత్తిలోని వాళ్లు చదవాలి. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, అచ్యుతన్‌లతో కొత్త బోర్డు వేసింది, తర్వాత మరో ముగ్గురిని చేర్చింది. ఉద్యోగులు అడుగుతున్నది ఒక్కటే: ఈ నెల జీతం వస్తుందా? కస్టమర్లు అడుగుతున్నది ఒక్కటే: మా పని ఆగుతుందా? బోర్డు ముందు ఆ రెండింటికీ జవాబు చూసింది. బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి జీతాలకు ఇబ్బంది లేకుండా చేసింది. కస్టమర్లతో మాట్లాడింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా బిడ్ గెలిచేనాటికి కంపెనీ ఇంకా నడుస్తూనే ఉంది. పోయిన పేరును గొప్ప ప్రచారం తిరిగి తేలేదు. అడిగినవారికి చేసి చూపించిన జవాబే తెచ్చింది.

ఇక రెండో సంగతి. అదే రామలింగరాజు కుటుంబం 2005లో మొదలుపెట్టిన సంస్థ ఈఎంఆర్ఐ. ఆ ఏడాది ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవ మొదలైంది. 2009లో వ్యవస్థాపకుల పేరు నేల మీద పడింది. 108 పడలేదు. జీవీకే సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది, ప్రభుత్వాలు నిధులు కొనసాగించాయి, సేవ అప్పటికే ఇతర రాష్ట్రాలకు పాకింది. నడిపే సంస్థ మారినా పల్లెటూళ్లో పాముకాటుకు గురైనవాడి అన్న అదే నంబరు నొక్కాడు. నొక్కితే బండి వచ్చింది కాబట్టి మళ్లీ నొక్కాడు.

ఒకే మనుషుల చేతుల మీదుగా వచ్చిన రెండు పేర్లు. ఒకటి చెప్పిన లెక్క మీద నిలబడింది, కూలింది. రెండోది చేసిన పని మీద నిలబడింది, మిగిలింది. పౌరసంబంధాల తరగతిలో ఒకే ఒక పాఠం చెప్పే అవకాశం ఇస్తే నేను ఇదే చెబుతాను.

4. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు

నాలుగో మెట్టు బాధతో కూడుకున్నది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. తర్వాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ఊరిని హెచ్చరించాల్సిన సైరన్ మోగకపోవడం.

దీన్ని భద్రతా విభాగం వ్యవహారం అనుకోకండి. ఇరుగుపొరుగుకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది పౌరసంబంధాల పనే. సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో, ముక్కుకు తడిబట్ట కట్టుకోవాలో వద్దో ఊళ్లోవాళ్లకు ప్రమాదానికి ముందే తెలిసి ఉండాలి. ఫ్యాక్టరీలో ఆ సంగతి చర్చకు వచ్చే గదిలో పీఆర్వో కుర్చీ ఉండాలి. ప్రమాదం జరిగాక సంతాప ప్రకటన రాయడానికి మాత్రమే ఆయన్ను పిలిచే సంస్థ తన ఇరుగుపొరుగును లెక్కలోకి తీసుకోనట్టే.

మనకు మరీ దగ్గరిది ఇంకొకటి. ఈ ముంబై రోడ్డు మీదే పటాన్‌చెరు దాటాక వచ్చే పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి దూర రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆచూకీ కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి.

ఆ గేటు దగ్గర నిలబడ్డ తల్లికి కావాల్సింది ఏమిటి? మా అబ్బాయి ఆ పూట డ్యూటీలో ఉన్నాడా? ఏ ఆస్పత్రిలో ఉన్నాడు? ఎవరిని అడగాలి? మా భాషలో ఎవరు చెబుతారు? ఏ ఫ్యాక్టరీలోనైనా ఇలాంటి రోజున పౌరసంబంధాల అధికారి చేయగల గొప్ప పని ఒకటుంది. హాజరు పట్టీ తెచ్చుకుని, హిందీ వచ్చినవాళ్లను, ఒడియా వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని, గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చోవాలి. తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. తెలియని దానికి, "సాయంత్రం అయిదింటికి మళ్లీ చెబుతాను" అని, అయిదింటికి అక్కడే ఉండాలి, కొత్త సంగతి ఏమీ లేకపోయినా సరే. టీవీ కెమెరాల ముందు మాట్లాడటం దీని తర్వాత.

కర్మాగారాలు నడుపుతున్న పెద్దలు ఈ సభలో ఉంటే నా విన్నపం ఒకటే. ఆ బల్ల ఎక్కడ వేయాలి, ఎవరు కూర్చోవాలి, కాంట్రాక్టు కార్మికుల పేర్లతో సహా పట్టీ ఎవరి దగ్గర ఉండాలి అన్నది ఈ నెల్లోనే రాసి పెట్టుకోండి.

5. నాది అంటూ ఏం మిగులుతుంది?

చివరి మెట్టు. ఒక పీఆర్ ఏజెన్సీలో పనిచేసే అమ్మాయి ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగింది. "రోజూ వేరేవాళ్ల మాటలే రాస్తున్నాను సార్. కోట్ ఎండీ గారిది, పేరు కంపెనీది. నాది అంటూ ఏం మిగులుతుంది?"

అది అలసిపోయి అడిగిన ప్రశ్న. ఆ అలసట నిజం. రాత్రి పదింటికి విలేకరి ఫోన్ చేసి ఏదో దాస్తున్నారంటాడు. పొద్దున ఎనిమిదింటికి యాజమాన్యం ఫోన్ చేసి ఈ వార్త ఎందుకు రానిచ్చావంటుంది. రెండు వైపులవాళ్లూ అనుమానించే మనిషి పీఆర్వో. పాతతరం తన పనిని కాలమ్ సెంటీమీటర్లలో కొలుచుకుంది. ఈ తరం రీచ్, లైకుల్లో కొలుచుకుంటోంది. అడిగినవాడికి జవాబు దొరికిందో లేదో ఈ రెండు కొలతల్లోనూ తెలియదు. తెలియని చోట తృప్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ అమ్మాయికి చెప్పింది మీకూ చెబుతాను. రాసిన మాట సంస్థదే. లోపలికి మోసుకెళ్లిన ప్రశ్న మాత్రం నీది. "ఈ ఫీజు ఎందుకు పెంచారో జనానికి అర్థం కావడం లేదు సార్" అని మీటింగులో నువ్వు అన్నందువల్ల ఒక నిర్ణయం మారితే, కనీసం దానికి కారణం చెప్పాల్సి వస్తే, అది నీ ఖాతాలోదే. పేపర్లో రాదు, అప్రైజల్‌లోనూ రాకపోవచ్చు. అయినా పదేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే గుర్తుండేది అదే.

ఇందుకు మూడు అలవాట్లు చెబుతాను. మొదటిది, ప్రశ్నల రిజిస్టరు. సంస్థకు వచ్చిన ఫోన్లలో, కౌంటర్ దగ్గర, సోషల్ మీడియా కామెంట్లలో జనం అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే రాసుకుని నెలకోసారి అధికారుల ముందు పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. ప్రజలు అడగకముందే ప్రభుత్వ సంస్థలు వివరాలు వెల్లడించాలని దాని నాలుగో సెక్షన్ చెబుతోంది. ఏం వెల్లడించాలో తేల్చుకోవడానికి మీ రిజిస్టరును మించిన ఆధారం లేదు.

రెండోది, తెలుగులో ముందు రాయడం. మన ఐటీ కారిడార్లో నోటు ఇంగ్లిష్‌లో తయారై, నలుగురి ఆమోదం పొంది, రాత్రి ఎనిమిదింటికి తెలుగు అనువాదానికి వెళ్తుంది. తెలుగు డెస్కులో ఉన్న సబ్ ఎడిటర్ దాన్ని మళ్లీ మొదట్నుంచీ రాసుకోవాలి. జిల్లా పేజీ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఎవరి ఊళ్లో పనిచేస్తున్నామో వాళ్ల భాషలో మొదటి ప్రతి రాస్తే, మనకు ఏం తెలియదో మనకే వెంటనే తెలిసిపోతుంది. సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు హెల్మెట్ గురించి, తాగి నడపడం గురించి తెలుగు సినిమా సన్నివేశాలతో పెట్టిన పోస్టులను కుర్రాళ్లు తమంతట తామే ఒకరికొకరు పంపుకున్నారు. వాళ్లు మాట్లాడుకునే తీరులో ఉన్నాయి కాబట్టి.

మూడోది, "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనగలగడం, చెప్పిన టైముకు ఫోన్ చేయడం. విలేకరితో స్నేహం కాఫీ హోటల్లో పెరిగేదానికంటే ఆ ఒక్క ఫోన్‌తో ఎక్కువ పెరుగుతుంది. ఈరోజు ప్రెస్ నోట్ రాసిపెట్టే యంత్రాలు వచ్చాయి. అవి భాషను సర్దగలవు. చివరి వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో వాల్వు తిప్పే మనిషికి ఫోన్ చేసి కనుక్కునే ఓపిక మాత్రం మీదే కావాలి. అందుకే ఈ వృత్తి గురించి నాకు బెంగ లేదు.

ముగింపు

పెద్దలకు ఒక మనవి. మీ అటకల మీద పాత గృహపత్రికలు, ప్రెస్ నోట్ల కాపీలు, సమ్మెల నాటి సర్క్యులర్లు ఉండి ఉంటాయి. వాటిని కాగితాల వాళ్లకు తూకానికి వేయకండి. ఏదైనా విశ్వవిద్యాలయం జర్నలిజం విభాగానికి ఇవ్వండి. ఈ నగరం పారిశ్రామిక జీవితం మామూలు ఉద్యోగి వైపు నుంచి నమోదైన చోట్లు చాలా తక్కువ, వాటిలో ఆ పత్రికలు ముఖ్యమైనవి.

యాజమాన్యాలకు ఒక మనవి. నిర్ణయం అయ్యాక పీఆర్వోను పిలవడం మానండి. నిర్ణయం చేసేటప్పుడే పిలవండి. జనం ఏమడుగుతారో ఆ గదిలో చెప్పగలిగేది అతనొక్కడే.

పిల్లలకు చివరి మాట. నిజం చెప్పనిచ్చే చోట ఎంత పనైనా చేయండి. చెప్పనివ్వని చోట మీ అభ్యంతరాన్ని లోపల రాతపూర్వకంగా చెప్పండి. అప్పటికీ మారకపోతే ఇంకో ఉద్యోగం చూసుకోండి. ఈ నగరంలో పని మళ్లీ దొరుకుతుంది. మీ మాట మీద ఒకసారి పోయిన నమ్మకం దొరకదు.